ఇంగ్లిష్ పేపర్ రెండు రోజులకే ఎందుకు పక్కన పడేస్తాం?

తెలుగు మీడియంలో ఇంటర్ పూర్తిచేసి, ఇంగ్లిష్ కోసం పేపర్ తెప్పించుకున్నా రెండు పేరాలు దాటడం లేదంటే లోపం మీ పట్టుదలలో లేదు, చదవడానికి ఎంచుకున్నదాంట్లో ఉంది. పైగా అందరూ ఇచ్చే సలహా సంపాదకీయం చదవమని! మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి.

డిక్షనరీ లేకుండా చదువు సాఫీగా సాగాలంటే నూటికి 98 మాటలు తెలిసినవై ఉండాలి. అంటే 250 మాటల పేజీలో తెలియనివి ఐదు. తెలియని మాటకు ఒక్కో వేలు ముడుస్తూ చదవండి. ఐదు దాటితే అది ఇప్పుడు మీకు తగినది కాదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో స్థాయిల వారీగా కథలు ఉచితం, చాలావాటికి తెలుగు రూపమూ ఉంది. మూడో స్థాయితో మొదలుపెట్టండి. పిల్లల కథలేగా అని చిన్నతనపడొద్దు.

మనకు అసలు చిక్కు వాక్యం అమరికలో. 'నిన్న వచ్చిన కుర్రాడు' అని మనం వివరణ ముందు పెడతాం. 'ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే'లో అది వెనక వస్తుంది. అందుకే కళ్లు వాక్యం చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంటాయి. 'ద బాయ్' దగ్గర కాస్త ఆగి, 'హూ' నుంచి మిగతాది ఒకే ముక్కగా చదవండి. రోజుకు 20 నిమిషాలు చాలు. తెలియని మాట కింద గీత గీసి ముందుకు సాగండి. అదే మాట మూడోసారి ఎదురైతేనే అర్థం వెతకండి.