ఎడిటరై ఎంపీ అవుతాడట, ఇల్లు తాకట్టు పెట్టమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ ఫైనలియర్. ఇంగ్లండ్‌లో జర్నలిజం ఎంఏ చేస్తానంటున్నాడు. మైకేల్ ఫుట్ అనే బ్రిటన్ లేబర్ పార్టీ నాయకుడిలా ముందు ఎడిటర్, తర్వాత ఎంపీ అవుతాడట. ఇల్లు తాకట్టు పెడితే పాతిక లక్షలు వస్తాయి. పంపమంటారా, ఇక్కడే లా చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఊళ్లు మారతాయి గానీ ఈ ప్రశ్న నాకు పాతదే. పైకి అడిగేది కోర్సు గురించి, లోపల ఉన్నది ‘వీడెలా బతుకుతాడో’ అన్న బెంగ.

ఫుట్ సంగతి మీవాడు సగమే చెప్పినట్టున్నాడు. ఆయన ఏ జర్నలిజం కోర్సూ చేయలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్. తర్వాత లివర్‌పూల్ ఓడల కంపెనీలో గుమాస్తా. అక్కడి పేదరికం కళ్లారా చూసే లేబర్ పార్టీ వైపు వెళ్లాడు. 1935లో పోటీచేసి ఓడాడు. 1937లో కొత్తగా పెట్టిన ట్రిబ్యూన్ వారపత్రికలో చేరి, మరుసటేడు ఎడిటర్‌ని తీసేస్తే తనూ మానేశాడు. 1942లో లండన్ దినపత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్ ఎడిటర్ అయ్యేసరికి 28 ఏళ్లు, 1945లో ఎంపీ. మీవాడి కథ ఇక్కడ ఆగి ఉంటుంది.

అసలు కథ ఆ తర్వాతే. 1955లో సీటు పోయింది. అప్పుడు నిలబెట్టింది కలమే, మళ్లీ ట్రిబ్యూన్ ఎడిటర్ కుర్చీలో కూర్చున్నాడు. పార్లమెంటుకు తిరిగొచ్చింది 1960లో. తొలిసారి మంత్రి అయింది 1974లో, అరవై ఏళ్లకి! పార్టీ నాయకుడయ్యాక 1983లో గెలిపించింది 209 సీట్లే. అంటే రాజకీయం ఉద్యోగం కాదండీ, పనేదో చేతిలో ఉన్నవాడు చేసే అదనపు సాహసం.

ఇక ఏడాది ఎంఏ. నాకు దీనిమీద గట్టి అనుమానాలున్నాయి. రిపోర్టింగ్ నేర్పేది ఊరు, భాష, మనుషులు. లండన్ కౌన్సిల్ మీటింగు రిపోర్టు చేయడం నేర్చుకున్నవాడికి ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి ధర ఎందుకు పడిందో తెలియదు. పైగా నెలనెలా ఈఎంఐ కట్టాల్సినవాడు యాజమాన్యంతో పేచీ వస్తే ఫుట్‌లా మానేసి రాగలడా? అప్పున్న విలేకరికి నోరు పెగలదు. మన తెలుగు పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లున్నాయి, స్టైపెండ్ ఇచ్చి నేర్పేవీ ఉన్నాయి. ముందు ఆ ప్రవేశ పరీక్ష రాయమనండి.

లా అంటారా, డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఎప్పుడైనా చేయొచ్చు. తొందరేం లేదు.

కటువుగా ఒక మాట. ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ పూర్తి ఉత్తరంలో ‘పరువు’ నాలుగుసార్లు వచ్చింది, వాడేం రాస్తాడో ఒక్కసారీ లేదు. ఫుట్ తండ్రి ఐజాక్ సొలిసిటరు, లిబరల్ ఎంపీ, ఇంటినిండా పుస్తకాలు పోగేసిన మనిషి. వెనకాల అంత ఊతం ఉందనేదీ నిజమే. కానీ కొడుకు వేరే పార్టీలోకి వెళ్లాడని ఆ ఇల్లేమీ కూలిపోలేదు. మీవాడూ ఎక్కడికీ పోడు, కంగారుపడకండి. ఫైనలియర్‌లో ఇదే కావాలని తేల్చుకున్న పిల్లలు తక్కువే.

తాకట్టు కాగితాలు బీరువాలో పెట్టి, ఈ ఆదివారం వాడు రాసిందేదైనా ఒకటి అడిగి చదవండి. ఏమీ రాసి లేకపోతే, అప్పుడు మళ్లీ నాకు ఉత్తరం రాయండి.