పాఠకుల ప్రశ్నలు: జట్టు లేని సీజన్, తోడుగా తాళం

ప్రశ్న: 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు పుట్టిన నాటి నుంచి నేను ఆ జట్టు అభిమానిని. గచ్చిబౌలిలో మ్యాచ్ ఉందంటే మా బావమరిదితో కలిసి తప్పకుండా వెళ్లేవాణ్ణి. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నాక, ఇక ఏ సీజన్ కూడా నాది కాదనిపిస్తోంది. విచిత్రమేమిటంటే, ఇంతకాలం సినిమా పాటలు తప్ప మరేమీ వినని నేను ఈ మధ్య రాత్రిపూట తని ఆవర్తనాలు (కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే ఘట్టాలు), పాతబస్తీ పెళ్లిళ్ల మర్ఫా డప్పులు మాత్రమే వింటున్నాను. ‘ఇంట్లోకి బరాత్ వచ్చినట్టుంది’ అని మా ఆవిడ విసుక్కుంటోంది. నేను వేరే జట్టును వెతుక్కోవాలా? ఈ కొత్త అలవాటుకూ ఆ వెలితికీ ఏమైనా సంబంధం ఉందంటారా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, మొదటి దాని సంగతి అందులోనే తేలుతుంది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టినది కాబట్టి, ప్రేక్షకుల మెట్లకూ పచ్చికకూ మధ్య పరుగుల ట్రాక్ అడ్డం ఉంటుంది. అంత దూరం నుంచి ఆటగాడి వీపు మీది అంకె కూడా ఒక్కోసారి కనబడదు. అటువంటి చోట ఆటను మీ దగ్గరికి తెచ్చింది కన్ను కాదు, అభిమానుల గుంపులో మోగిన డప్పు అని నా అనుమానం. అది ఆగిపోయింది, చెవి దానికి బదులు వెతుక్కుంటోంది.

తని ఆవర్తనమే ఎందుకు దొరికిందో కూడా ఊహించవచ్చు. కచేరీలో ఆ ఘట్టం వచ్చేసరికి గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు మౌనం వహిస్తారు. కానీ గాయకుడి చెయ్యి ఊరుకోదు. తొడ మీద తాళం వేస్తూనే ఉంటుంది. ఆది తాళమైతే ఎనిమిది అక్షరాల లెక్క తప్పకుండా సాగుతుంటే, మృదంగం ఎక్కడెక్కడికో వెళ్లి, చివరికి కోర్వై అనే ముగింపు జతితో సరిగ్గా చేరవలసిన చోటికే చేరుతుంది. పాట ఆగినా తాళం వదలని ఆ చెయ్యే ఇప్పుడు మీది. మర్ఫా సంగతి ఇంకా దగ్గరది. నిజాం సైన్యంలో కొలువు చేసిన హద్రమౌత్ (యెమెన్) అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు తమ వెంట తెచ్చుకున్న వాద్యమది. ఆ అరబ్బు సైనికుల బ్యారక్సే పాతబస్తీ వైపున్న బార్కస్ పేట అయ్యాయి. ఆ బార్కస్‌లోనే ఈనాటికీ పిల్లలు క్రికెట్ కంటే ఫుట్‌బాల్‌కు ముందుగా పరుగెత్తుతారు. కాబట్టి మీరు ఆటను వదిలి సంగీతానికి వెళ్లలేదు. ఒకే వీధిలో రెండిళ్ల అవతలికి వెళ్లారు.

ఇక జట్టు విషయం. మీరు ఒక్క సంగతి గుర్తు చేసుకోవాలి. మనం ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేతలమైన 2021–22 సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదు. కరోనా కారణంగా సీజన్ మొత్తాన్నీ గోవాలోనే, ఫైనల్ ముందు వరకూ ఖాళీ స్టేడియాల్లో ఆడించారు. మన ఫార్వర్డ్ ఒగ్బెచే కొట్టిన 18 గోల్స్‌ను మనం టీవీలోనే చూశాం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించినప్పుడు స్టేడియమంతా కేరళ అభిమానుల పసుపు రంగే. కాకపోతే మైదానంలో పసుపు చొక్కాలు తొడుక్కున్నది మనవాళ్లు! 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేయడం, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపడం మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి మీ ఆనందానికి జట్టు ఊళ్లో ఉండవలసిన అవసరం కలగలేదు. ఆ తరువాతి సీజన్‌లో రెండో స్థానం వచ్చింది. దాని తరువాత ఆర్థిక చిక్కులతో విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా, 2023–24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున నిలిచాం. అప్పుడు కూడా మెట్ల మీద మీరు ఉన్నారు. జట్టు మీకేమి బాకీ పడిందో అక్కడ తెలుస్తుంది.

మరో చేదు మాట కూడా చెప్పాలి. 2019లో పుణె జట్టు మూతపడితేనే ఆ స్థానం మనకు వచ్చింది. మనం బాణసంచా కాల్చుకున్న రోజున పుణెలో మీవంటి అభిమాని ఒకరు మీరిప్పుడు రాసినటువంటి ఉత్తరమే రాసి ఉంటారు. ఇప్పుడు ఢిల్లీ వాళ్ల వంతు వచ్చింది. వారి మీద కోపం పెట్టుకోకండి, వారిని అనుసరించనూ అక్కర్లేదు.

వేరే జట్టును తొందరపడి ఎంచుకోవద్దనే నా సలహా. ఈ నగరానికి ఫుట్‌బాల్ 2019లో రాలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు మనదే. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ రహీం సాబ్ శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. మీ సికింద్రాబాద్ వాడే అయిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. ఐ–లీగ్‌లో 2022–23, 2023–24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ కూడా మన ఊరి మైదానంలో ఆడినదే. ఒక సాయంత్రం బావమరిదిని వెంటబెట్టుకుని బార్కస్ వైపు వెళ్లి, ఏ మైదానంలో ఆట సాగుతుంటే అక్కడ నిలబడి చూడండి. మర్ఫా వాళ్లు ఆ దారిలో ఎదురుపడినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: ఐరోపా మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి దాటాక వస్తాయి. హాస్టల్ గదిలో తోటివారి నిద్ర చెడకుండా, టీవీ శబ్దం తీసేసి, ఇయర్‌ఫోన్‌లో వీణ వింటూ చూస్తున్నాను. 2025 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో పారిస్ జట్టు 5–0తో ఇంటర్ మిలాన్‌ను ఓడించడాన్నీ అలాగే చూశాను. ఇది ఆటకు అవమానమని మా మిత్రుడి వాదన.
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: అవమానం కాదు గానీ, సగం లాభం, సగం నష్టం. వ్యాఖ్యాత గొంతు ఎప్పుడూ బంతి వెంటే పరుగెడుతుంది. అది లేకపోతే మీ చూపు బంతి లేని చోటికి కూడా పోతుంది. నేను కూడా ఆ ఫైనల్‌ను రెండోసారి శబ్దం లేకుండా చూశాను. బంతి పోయిన మరుక్షణమే పారిస్ ముందువరస ఆటగాళ్లు ప్రత్యర్థి మీదికి ఎలా కమ్ముకున్నారో, పందొమ్మిదేళ్ల డూయే తనకు కావలసిన ఖాళీని ఎంత ముందుగా పసిగట్టాడో అప్పుడే సరిగ్గా అర్థమైంది. నష్టమేమిటంటే, వ్యాఖ్యానంతో పాటు ప్రేక్షకుల హోరును కూడా మీరు తీసేస్తున్నారు. కెమెరా చూపించని చోట ఎవరో లేచి పరుగు తీశారని ఆ హోరే ముందుగా చెబుతుంది. పైగా వీణ మీద సాగే విలంబ ఆలాపన తన నడకను ఆట మీద రుద్దుతుంది. చురుకైన దాడి కూడా తీరుబడిగా సాగుతున్నట్టు కనిపిస్తుంది. మొదటి సగం వీణతో, రెండో సగం సన్నని హోరుతో చూసి, మీ మిత్రుడికి కూడా ఒక ఇయర్‌ఫోన్ ఇవ్వండి.

ప్రశ్న: గోలు లేని డ్రా చూస్తూ ఏ రాగం వినాలి?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అన్ని డ్రాలకూ రాగం అవసరం ఉండదమ్మా. 2023 ఐఎస్ఎల్ సెమీఫైనల్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ మోహన్ బాగాన్‌తో రెండు మ్యాచ్‌లూ అదనపు సమయమూ కలిపి 210 నిమిషాలు ఒక్క గోలు కూడా లేకుండా ఆడి, చివరికి పెనాల్టీల్లో ఓడిపోయింది. దాన్ని నేను మళ్లీ మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడగలను.