ట్యూమర్ కాల్పించేశాం, మిగిలిన డబ్బు లోన్‌కి కట్టేయొచ్చా?

ప్రశ్న: మావారికి లివర్‌లో 2.5 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ వస్తే సూది దించి వేడితో కాల్చేశారు. నెల తర్వాత స్కాన్ క్లియర్. రిటైర్మెంట్‌కి దాచుకున్నదాంట్లో సగం అయిపోయింది. మిగతా సగం హౌసింగ్ లోన్‌కి కట్టేద్దామని ఆయన, 5 ఏళ్ల డిపాజిట్ వేద్దామని నేను. ఏది నయం?

జవాబు: రెండూ వద్దండి, ఇప్పుడే వద్దు.

స్కాన్ క్లియర్ అన్నారంటే సంతోషమే, కానీ కాల్చిన చోట గడ్డ మిగల్లేదని దానర్థం, లివర్ బాగైపోయిందని కాదు. ఈ క్యాన్సర్ ఎక్కువమందికి హెపటైటిస్ వల్లో, తాగుడు వల్లో, ఫ్యాటీ లివర్ వల్లో అప్పటికే దెబ్బతిన్న లివర్‌లో పుడుతుంది, గడ్డ పోయినా ఆ లివర్ అదే కదా, అందుకే కోసి తీసినా కాల్చినా 5 ఏళ్లలో 70 శాతం దాకా మందికి మళ్ళీ వస్తుందని లివర్ డాక్టర్ల గైడ్‌లైన్స్‌లోనే ఉంది. కొందరికి కాల్చిన అంచులోనే వస్తుంది (పక్కన పెద్ద రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాగేసుకుని అక్కడ సరిగ్గా కాలదు), కొందరికి ఇంకోచోట కొత్తగా వస్తుంది. మొదటి 2 ఏళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన టైమ్.

కాబట్టి ఇది వచ్చినప్పుడు చూద్దాంలే అనుకునే ఖర్చు కాదు, వస్తుందనే లెక్క వేసుకోవాలి. లోన్‌కి కట్టేసిన డబ్బు బ్యాంకు మామూలుగా వెనక్కివ్వదు, రేపు అవసరమై అప్పుకెళ్తే, అందులోనూ ఆయన జీతం ఆగి ఉంటే, ఇంటి లోన్ వడ్డీకి దొరకదు, పర్సనల్ లోన్ వడ్డీకే తెచ్చుకోవాలి. ఈఎంఐ నడవనివ్వండి. డబ్బు సేవింగ్స్‌లో కొంత, మిగతాది 3 నెలలు, 6 నెలలు, ఏడాది చొప్పున చిన్న చిన్న డిపాజిట్లుగా ముక్కలు చేసి పెట్టండి. వడ్డీ కాస్త తగ్గుతుంది, తగ్గనీండి.

అందులోంచి ముందు స్కాన్ల డబ్బు పక్కన పెట్టేయండి. మొదటి 2 ఏళ్లు 3-4 నెలలకోసారి సీటీ గానీ ఎమ్మారై గానీ, దాంతోపాటు ఏఎఫ్‌పీ రక్తపరీక్ష (లివర్ క్యాన్సర్ మళ్ళీ వస్తోందేమో పసిగట్టడానికి చేసేది), ఆ తర్వాత 6 నెలలకోసారి అంటారు, మీ డాక్టర్ ఎలా చెప్తే అలా. అడ్మిట్ అవ్వరు కాబట్టి చాలా పాలసీలు వీటికి ఇవ్వవు. దీన్ని ఇంకో ఈఎంఐ అనుకోండి, డబ్బు చూసుకుని మాత్రం వాయిదా వెయ్యొద్దు, చిన్నగా 3 సెంటీమీటర్ల లోపు ఉండగా దొరికితే చాలాసార్లు మళ్ళీ కాల్చొచ్చు, ఒకసారి ఖర్చుతో పోతుంది.

పెరిగాక దొరికితే ఖర్చు తీరే వేరు. రక్తనాళం గుండా కీమో పంపే టేస్ అయితే విడతలు విడతలుగా చేస్తారు. క్యాన్సర్‌ని అదుపులో పెట్టే అటెజొలిజుమాబ్, బెవాసిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు 3 వారాలకోసారి, పనిచేసినంత కాలం ఇస్తూనే ఉంటారు, అంటే ఎప్పటికి ఆగుతుందో తెలియని బిల్లు (కంపెనీల సహాయ పథకాలు ఉంటాయి, ఆస్పత్రిలో అడగండి, సిగ్గుపడొద్దు). లివర్ మార్పిడి (ట్రాన్స్‌ప్లాంట్) అయితే ఒకేసారి పెద్ద మొత్తం, పైన జీవితాంతం మందులు. అందుకే వచ్చేసారి వెళ్ళినప్పుడు డాక్టర్‌ని సూటిగా అడగండి, మళ్ళీ వస్తే ఈయనకి వీటిలో ఏది చేస్తారు అని. నాకు ఆ జవాబు కావాలి, దాన్నిబట్టే ఎంత చేతిలో ఉంచాలో చెప్పగలను.

ఉన్న హెల్త్ పాలసీ ఒక్కరోజు కూడా లాప్స్ కానివ్వకండి. కొత్తది తీసుకుంటూ ఈ జబ్బు దాచిపెట్టమనే ఏజెంట్ ఎవరైనా తగిలితే అక్కడితో ఆ మాట ఆపేయండి, క్లెయిమ్ రోజున మునిగేది మీరే. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు తేలితే ఒకేసారి మొత్తం డబ్బిచ్చేది) ఏదైనా ఉండి క్లెయిమ్ చెయ్యకపోతే ఇప్పుడే చేయండి, చాలామంది ఉందన్న సంగతే మర్చిపోతారు. ఆయన ఉద్యోగం మానేద్దామనుకుంటే ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ ఏమవుతుందో కనుక్కున్నాకే.

ఆయన ఓపికగా ఉన్నప్పుడే అకౌంట్లు జాయింట్ చేయించి నామినీలు సరిచూసుకోండి. ఆ మొదటి 2 ఏళ్లూ స్కాన్లు వరసగా క్లియర్‌గా వస్తే అప్పుడు లోన్‌కి కొంత కట్టే సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం.