ఫ్రై ఒట్టో కట్టినవి తక్కువే, అయితే ఏమిటి?

"ఫ్రై ఒట్టో పేరున శాశ్వత భవనాలు పెద్దగా లేవు కదా, మరి ఆయనకు వాస్తుశిల్పంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఎందుకిచ్చారు?" అన్నది తేలికపాటి కప్పులకు పేరుపొందిన ఈ జర్మన్ వాస్తుశిల్పి గురించి వినిపించే ప్రశ్న. భవనాలు లెక్కపెట్టి వాస్తుశిల్పిని తూచడమే తప్పని నా అభిప్రాయం. స్టుట్‌గార్ట్‌లో చదువుకున్న నా దృష్టిలో ఆయన అన్నిటికంటే ముందు ఆచార్యుడు. 1964లో అక్కడ ఆయన నెలకొల్పిన తేలికపాటి నిర్మాణాల పరిశోధన సంస్థే ఆయన ముఖ్యమైన కృషి.

ఆ సంస్థ భవనమే ఒక ప్రయోగం. 1967 మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనకు వాస్తుశిల్పి రోల్ఫ్ గుట్‌బ్రోడ్‌తో కలిసి రూపొందించిన జర్మన్ మండపం కోసం ముందుగా నిలబెట్టి పరీక్షించిన ఉక్కు తీగల వలను తరువాత స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయపు ఫైహింగెన్ ప్రాంగణానికి తరలించి, దానిపై చెక్క పరిచి భవనంగా మార్చారు. ఒకే స్తంభం నుంచి వేలాడే ఆ కప్పులో కంటి ఆకారపు పెద్ద కిటికీ ఉంటుంది.

ఆ కన్ను ఎలా పుడుతుందో మాకు తరగతిలో చేసి చూపించారు. తీగ చట్రాన్ని సబ్బు నీటిలో ముంచి తీసి, ఏర్పడిన పొర మీద వలయంగా ముడివేసిన దారాన్ని వదిలితే అది వంకరటింకరగా పడి ఉంది. వలయం లోపలి పొరను సూదితో గుచ్చగానే దారం ఒక్కసారిగా విచ్చుకుని, కంపాసుతో గీసినంత గుండ్రంగా బిగుసుకుంది. మిగిలిన పొర తన వైశాల్యాన్ని వీలైనంత తగ్గించుకోవాలని అన్ని వైపులకూ సమానంగా లాగుతుంది కాబట్టి దారానికి మరో ఆకారం సాధ్యం కాదు. ఆ వలయాన్ని ఒకచోట పట్టి పైకెత్తితే రంధ్రం కన్నులా సాగి, పొర గుడారమై లేచింది. బరువంతా ఒక్క బిందువు మీద పడి కప్పు చిరగకుండా ఈ వలయం దాన్ని పంచుకుంటుంది.

మన టోల్ ప్లాజాల మీది గుడ్డ కప్పులు కొన్నిచోట్ల ముడతలు పడి, వాన నీటితో కుంగి కనిపించడానికి కారణం ఈ పాఠం వదిలేసి ఆకారాన్ని మాత్రమే కాపీ కొట్టడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

1925లో పుట్టిన ఒట్టో కుర్రతనంలో గ్లైడర్లు నడిపారు; యుద్ధంలో పైలట్‌గా పనిచేసి, ఫ్రాన్స్‌లోని షార్త్ర్ దగ్గర యుద్ధఖైదీగా ఉన్నప్పుడు దొరికిన కొద్ది సామగ్రితోనే నిర్మాణాలు చేయవలసి వచ్చింది. 1954లో వేలాడే కప్పుల మీద డాక్టరేటు పూర్తి చేశారు. తక్కువ పదార్థంతో ఎక్కువ జాగాను కప్పాలన్న పట్టుదల ఆ శిబిరంలోనే గట్టిపడిందని నాకనిపిస్తుంది.

1972 మ్యూనిక్ ఒలింపిక్ కప్పును ఆయన ఒక్కరి ఖాతాలో వేయడం మరో అలవాటు. పోటీలో నెగ్గిన రూపకల్పన గుంటర్ బేనిష్ బృందానిది. దాన్ని నిలబెట్టడంలో ఇంజనీర్ల పాత్ర చాలా పెద్దది. ఒట్టో సలహాదారు. అలా చెబితే ఆయన స్థాయి తగ్గుతుందని భయపడడం అనవసరం.

ఇక శాశ్వతం మాటకొస్తే, 1975లో మన్‌హైమ్ ఉద్యాన ప్రదర్శన కోసం సన్నని చెక్క కడ్డీల అల్లికతో లేపిన హాలు ఒక్క సీజనుకని ఉద్దేశించినది. కప్పు బలాన్ని నీళ్లు నింపిన చెత్తడబ్బాలు వేలాడదీసి పరీక్షించారు. ఇప్పుడది రక్షిత కట్టడం. ప్రిట్జ్‌కర్ మాత్రం ఆలస్యంగా వచ్చింది: ఎంపికైన సంగతి ఆయనకు ముందే తెలిపారు గానీ, 2015 మార్చి 9న ఆయన కన్నుమూసిన మర్నాడు ప్రకటన వెలువడింది.