8 జీబీ ల్యాప్‌టాప్ మీద సైన్స్ ఫిక్షన్ షూటర్ గేమ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: హన్మకొండలో బీటెక్ చదువుతున్నాం, ముగ్గురం. సైన్స్ ఫిక్షన్ కథతో ఫస్ట్ పర్సన్ షూటర్ (ఆటగాడి కళ్లతోనే చూసే కాల్పుల ఆట) చేయాలని ఉంది. పెట్టుబడి లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాపులే ఉన్నాయి. అన్‌రియల్ 5 తెరిస్తే మిషన్ ఆగిపోతోంది. ఏ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) పట్టుకోవాలి? ఎలా పోవాలి?

జవాబు:

ఇంజిన్ సంగతి తొందరగానే తేలుతుంది. గోడో 4 దించుకోండి, ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే 'కంపాటిబిలిటీ' రెండరర్ (తెర మీద బొమ్మ గీసే పద్ధతి) ఎంచుకోండి. దానికి ఓపెన్‌జీఎల్ 3.3 అనే పాత గ్రాఫిక్స్ ప్రమాణం ఉంటే చాలు, పాత ఇంటెల్ గ్రాఫిక్స్ మీద కూడా నడుస్తుంది. ఎంఐటీ లైసెన్సు కాబట్టి రేపు గేమ్ అమ్ముకున్నా ఇంజిన్ వాళ్లకు రూపాయి కట్టే పని లేదు. 'ఫార్వర్డ్ ప్లస్' అనే ఇంకో రెండరర్‌లో నెలల తరబడి పనిచేసి చివర్లో మారుద్దామనుకుంటే మాత్రం లైటింగ్ అంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఇంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏమేం చేయకూడదన్నది. పైసలు లేనివాళ్లకు సైన్స్ ఫిక్షన్ అంత కలిసొచ్చే కథ ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. మనిషి ముఖం, పెదాల కదలిక, బట్టల మడతలు, చెట్లు, వీటికే పెద్ద కంపెనీల డబ్బు కరిగిపోతుంది. రోబోకు ముఖం అక్కర్లేదు. ఇనుప గోడకు పెట్టె ఆకారం చాలు. తలుపు మూసుకుంటే వెనక గదిని మెమరీలోంచి తీసేయొచ్చు, ఆడేవాడికి అనుమానం రాదు. అందుకే ఆకాశంలో నగరాలు, గ్రహాంతర అడవులు పక్కన పెట్టి, భూమి లోపలికి దిగండి. మన దగ్గర బొగ్గుబాయి ఉంది కదా! భూపాలపల్లి, గోదావరిఖని వైపు పిల్లలకు గ్యాలరీ (బాయిలోని సొరంగ దారి), బెల్టు, క్యాప్ ల్యాంప్ అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. మూతపడ్డ బాయి అడుగున ఒక పరిశోధనశాల, నెత్తి మీద దీపం వెలిగినంత మేరే చూపు. ఆ చీకటి కథకూ పనికొస్తుంది, ల్యాప్‌టాప్‌కూ పనికొస్తుంది.

కొలత ఇట్లా పెట్టుకోండి: 40 నిమిషాల ఆట, మూడు తుపాకులు, మూడు రకాల శత్రువులు (వెంటపడే డ్రోన్, కదలని గన్ను, దెబ్బకు పడని పెద్ద రోబో), ఒకే రకం తలుపు. ఇంతకు మించి రాసుకున్న ప్లాను ముగ్గురితో పూర్తికాదు.

లెవెల్ (ఆట జరిగే గదులు, దారులు) కట్టడానికి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ కంటే ట్రెంచ్‌బ్రూమ్ మేలు. క్వేక్ అనే పాత గేమ్ కాలపు పద్ధతిలో దిమ్మెలు పేర్చి గదులు చేసే ఉచిత ఎడిటర్ అది. ఫంక్‌గోడో అనే ప్లగిన్ ఆ మ్యాపును గోడోలోకి తెస్తుంది. మామూలు సెట్టింగులో 32 యూనిట్లు ఒక మీటరు. గ్యాలరీ వెడల్పు 128 యూనిట్లు, తలుపు 64 వెడల్పు 96 ఎత్తు, ఆటగాడి క్యాప్సూల్ (ఒంటికి బదులు పెట్టే గుండ్రటి గొట్టం ఆకారం) ఎత్తు 1.8 మీటర్లు, కన్ను 1.6 దగ్గర పెట్టండి. తలుపు వెడల్పు రెండు మీటర్లయితే శత్రువు నావిగేషన్ రేడియస్ (దారి వెతికేటప్పుడు గోడకు వదిలే ఎడం) 0.5 మీటరు దాటనివ్వకండి. ఒక మీటరు పెడితే రెండు పక్కలా అంతంత కోసేసి తలుపు దారే మూసుకుపోతుంది, రోబో గదిలోనే నిలబడిపోతుంది. కోడ్‌లో తప్పుందని రెండు రోజులు వెతుకుతారు, తప్పేమో కొలతలో ఉంటుంది.

మెట్లు ఇంకో చిక్కు. గోడోలో ఆటగాడి ఒంటికి వాడే క్యారెక్టర్‌బాడీ3డీ దానంతటది మెట్టెక్కదు, తగిలి ఆగిపోతుంది. మెట్ల మీద కనబడని ఏటవాలు దిమ్మె (క్లిప్ టెక్స్చర్ పూసింది) వేస్తే కాలు జారినట్టు హాయిగా ఎక్కుతుంది.

కంపాటిబిలిటీలో అందరూ తట్టుకునే రాయి లైట్లు. మామూలుగా ఒక మెష్ (3డీ ఆకారం) మీద 8 ఆమ్ని లైట్లు (అన్ని దిక్కులా వెలిగేవి), 8 స్పాట్ లైట్లే (ఒక దిక్కుకే వెలిగేవి) పడతాయి. మ్యాపు మొత్తం ఒకే మెష్‌గా వస్తే తొమ్మిదో దీపం వెలగదు, లేదా నడుస్తుంటే దీపాలు ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి. ట్రెంచ్‌బ్రూమ్‌లోనే ఒక్కో గదిని ఒక్కో బ్రష్ ఎంటిటీగా (విడి దిమ్మెల గుంపుగా) విడగొడితే గదికి ఎనిమిది చొప్పున వస్తాయి. కదలని దీపాల వెలుగును ముందే లెక్కగట్టి బొమ్మగా దాచుకుంటే, అంటే లైట్‌మ్యాప్‌గా బేక్ చేస్తే, ఇంకా తేలిక. దిగుమతిలో యూవీ2 (ఆ వెలుగు బొమ్మ గోడల మీద ఎక్కడ పడాలో చెప్పే పటం) విప్పే ఆప్షన్ ఆన్ చేయడం మర్చిపోవద్దు. బేకింగ్‌కు వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ ప్రమాణం నడిచే కార్డు కావాలి, ఆ ఒక్క పనికి కాలేజీ ల్యాబులో మంచి మిషన్ అడిగి తీసుకోండి.

ఇక తుపాకీ. చవక షూటర్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. గ్రాఫిక్స్ పాతగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, ట్రిగ్గర్ నొక్కితే చేతికి ఏమీ అనిపించకపోతే మొదటి గదిలోనే ఆపేస్తారు. అందుకని మొదటి రెండు వారాలు బూడిదరంగు గది ఒక్కటి, తుపాకీ ఒక్కటి, నిలబడి ఉండే డబ్బా ఒక్కటి పెట్టుకుని, అది కాల్చడం సరదాగా అనిపించేదాకా ఇంకేమీ ముట్టుకోవద్దు. గుండు లెక్క కెమెరా మధ్య నుంచి గీసే రే (కనబడని తిన్నని గీత) మీద ఉండాలి. తుపాకీ మూతి నుంచి గీస్తే దగ్గరి గోడల పక్కన గురి తప్పుతుంది. మెరుపు గీత మాత్రం మూతి నుంచి చూపించండి. మూతి మంట మూడు ఫ్రేములు చాలు. కెమెరా పైకి రెండు డిగ్రీలు తన్ని 0.2 సెకన్లలో వెనక్కి రావాలి. తగిలిన శత్రువు 0.1 సెకను తెల్లగా మెరవాలి, తగిలిన చప్పుడు కాల్చిన చప్పుడుకు వేరుగా వినబడాలి.

ప్లాస్మా గోళం లాంటి ఎగిరే గుండ్లు పెడితే ఒక లెక్క చూడండి. ఫిజిక్స్ సెకనుకు 60 సార్లు నడుస్తుంది. గోళం వేగం సెకనుకు 60 మీటర్లయితే ఒక్కోసారికి ఒక మీటరు దూకుతుంది. పది సెంటీమీటర్ల రేకును అది తగలకుండా దాటేస్తుంది. పాత చోటు నుంచి కొత్త చోటుకు ప్రతిసారీ రే గీస్తేనే ఆగుతుంది.

మౌస్ కదలికను డెల్టాతో (రెండు ఫ్రేముల మధ్య సమయంతో) గుణించకండి. యూట్యూబ్ పాఠాలు కొన్ని అట్లనే చేయిస్తాయి, అప్పుడు ఫ్రేము రేటు పడ్డప్పుడల్లా మౌస్ వేగం మారిపోతుంది. గోడో 4.3 నుంచి ఉన్న స్క్రీన్_రిలేటివ్ అనే మౌస్ కదలిక విలువ వాడితే విండో సైజు మారినా సెన్సిటివిటీ మారదు. కెమెరా చూపును పైకీ కిందికీ 89 డిగ్రీల దగ్గర ఆపండి. కెమెరా ఎఫ్‌ఓవీ (చూపు ఎంత వెడల్పుగా పడుతుందో చెప్పే కోణం) కూడా చూసుకోండి: గోడోలో 75 అంటే నిలువు కోణం, 16:9 తెర మీద అడ్డంగా సుమారు 107 అవుతుంది. ఇరుకు గ్యాలరీ సాగదీసినట్టు కనబడుతుంది. అడ్డంగా 90 కావాలంటే 59 పెట్టాలి.

బొమ్మలకు డబ్బు పెట్టొద్దు. 1993లో వచ్చిన డూమ్ అనే షూటర్ గేమ్‌లో తుపాకులు కొన్ని ఆటబొమ్మలను ఫోటో తీసి చేసినవే, రాక్షసుల్లో కొందరిని మట్టితో చేసి ఫోటో తీశారు. మేడారం జాతరలో దొరికే ప్లాస్టిక్ తుపాకీకి పీవీసీ ఫిట్టింగులు, వైరు ముక్కలు అతికించి, ఆకుపచ్చ చార్టు ముందు ఫోన్‌ను స్టాండుకు బిగించి తీయండి. ఊరికే పట్టుకున్నది ఒకటి, కాల్చేవి రెండు, వెనక్కి వచ్చేవి రెండు, మొత్తం ఐదు ఫోటోలు. స్ప్రైట్ శత్రువుకు (3డీ ఆకారం కాకుండా చదును ఫోటోగా చూపేదానికి) ఎనిమిది దిక్కులు కావాలి గానీ ఐదు తీస్తే చాలు, మిగతా మూడూ అద్దంలో తిప్పినవే.

గోడల టెక్స్చర్లకు కరీంనగర్ వైపు గ్రానైట్ దిమ్మెలు చూడండి. డ్రిల్లు గాడులు వరుసగా ఉన్న ఆ కోత ముఖం అచ్చం వేరే గ్రహం గోడలా ఉంటుంది. యజమానిని అడిగి, మబ్బు పట్టిన రోజున, ఎదురుగా నిలబడి తీయండి. ఎండలో తీస్తే నీడ బొమ్మలోనే అచ్చుపడి, గేమ్‌లో మీరు పెట్టిన లైటుతో కొట్లాడుతుంది. జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్‌లో ఆఫ్‌సెట్ చేసి (బొమ్మను సగం పక్కకు జరిపి) అతుకు చెరిపేసి 128 పిక్సెళ్లకు తగ్గించండి. మీటరుకు 64 పిక్సెళ్ల లెక్క అన్ని గోడలకూ ఒకటే ఉండాలి. గనుల్లో, విద్యుత్ కేంద్రాల్లో అనుమతి లేకుండా కెమెరా తీయొద్దు.

చప్పుళ్లు మన చుట్టూ ఉన్నవే. దుకాణం షట్టర్ దించే చప్పుడును ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో సగం వేగానికి తగ్గిస్తే బాయి అడుగున భారీ తలుపు కదులుతుంది. రైస్ మిల్లు హోరు రియాక్టర్‌కు సరిపోతుంది. కాజీపేటలో గూడ్సు బండి కదిలేటప్పుడు కప్లింగులు ఒకదాని వెనక ఒకటి కొట్టుకునే చప్పుడు పెద్ద రోబో నడకకు నాకు అన్నిటికంటే ఇష్టం. ప్లాట్‌ఫాం మీద నుంచే రికార్డు చేయండి, పట్టాల దగ్గరికి పోవద్దు. చిన్న చప్పుళ్లను వేవ్ ఫైలుగా ఉంచండి, ఎంపీ3 చేస్తే మొదట్లో కొంత మౌనం చేరి కాల్పు ఆలస్యంగా వినబడుతుంది. అదే చప్పుడు పదేపదే విసుగు పుట్టించకుండా పిచ్ ఐదు శాతం అటూఇటూ మార్చండి.

కోడంతా గిట్‌లో (ప్రతి మార్పునూ దాచి ఉంచే సాధనంలో) పెట్టండి, '.గోడో' ఫోల్డరును మాత్రం వదిలేయండి. దారి వెతికే లెక్క ప్రతి శత్రువుకూ ప్రతి ఫ్రేములో వద్దు, 0.25 సెకన్లకోసారి, అందరికీ ఒకేసారి కాకుండా చేయించండి.

అయ్యాక ముందు ఇచ్.ఐవో అనే గేముల సైటులో ఉచితంగా పెట్టి, మీరు పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా హాస్టల్ వాళ్లతో ఆడించండి. ఎక్కడ దారి తప్పారో, ఏ తలుపు దగ్గర ఆగారో రాసుకోండి. గేములు అమ్మే స్టీమ్ స్టోరులో పెట్టాలంటే ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి, అమ్మకం 1000 డాలర్లు దాటాక అవి తిరిగొస్తాయి. డబ్బు కట్టినాక 30 రోజులు ఆగాలి, 'త్వరలో' పేజీ కనీసం రెండు వారాలు కనబడాలి. కాబట్టి సెమిస్టర్ పరీక్షల ముందు విడుదల తేదీ పెట్టుకోకండి. బ్యాంకు వివరాలు, పన్ను ఫారాలు ముగ్గురిలో ఒకరి పేరు మీదే నింపాల్సి వస్తుంది, వచ్చిన డబ్బు ఎట్లా పంచుకోవాలో దానికి ముందే కాగితం మీద రాసి ముగ్గురూ సంతకం పెట్టండి.