పాత బట్టలు తీసుకెళ్లాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా తెలుగు చర్చి యూత్ 14 మందిమి పాడేరు దగ్గర ఒక గిరిజన గ్రామానికి అయిదు రోజుల మిషన్ ట్రిప్‌కు వెళ్తున్నాం. మూడు బస్తాల పాత బట్టలు పోగయ్యాయి. ఇంకేం తీసుకెళ్లాలి అక్కా?

జవాబు: ముందు ఆ బస్తాలు దించు తమ్ముడూ. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ దాకా మోసుకెళ్లి, అక్కడినుంచి ఘాట్ ఎక్కించాక, ఆ చిరిగిన జీన్స్ ఎవరు తొడుక్కుంటారు? అక్కడి పాస్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేసి ఏం కావాలో అడుగు. సంత ఏ రోజో కూడా కనుక్కో. మేం మొదటిసారి సరిగ్గా సంతనాడే దిగాం. ఊళ్లో ముగ్గురు ముసలివాళ్లు, రెండు కోళ్లు. మా స్కిట్ చూసింది వాళ్లే, కోళ్లతో సహా.

అక్కడ చాలామంది ఇంట్లో కువి అనే గిరిజన భాష, లేదంటే ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. మన తెలుగు ప్రసంగం పెద్దవాళ్లకు సగమే అందుతుంది. స్థానికులు ఒకరు పక్కనుండి చెప్పాలి.

మెడికల్ క్యాంపు పెడితే మాత్రం జాగ్రత్త. ఒకావిడకు బీపీ ఉందని పది మాత్రలిచ్చి మేం బస్సెక్కేశాం. పదకొండో రోజు ఆవిడేం చేసిందో ఇప్పటికీ తెలీదు. అక్కడి పీహెచ్‌సీకి, ఆశా కార్యకర్తకు ముందే చెప్పి, చూసినవాళ్ల పేర్ల చీటీ వాళ్లకే ఇచ్చి రండి. దోమతెరలు మరవద్దు, ఏజెన్సీలో మలేరియా ఉంటుంది. పిల్లల ఫొటోలు అమ్మానాన్నల్ని అడక్కుండా తీయొద్దు, స్టేటస్‌లో అసలే పెట్టొద్దు.