నరకం అడుగున మంచు ఎందుకు?

ప్రశ్న: ఇటలీ కవి డాంటే, తనే పరలోకాలన్నీ తిరిగొచ్చినట్టు రాసిన ‘డివైన్ కామెడీ’ కావ్యం ఇప్పుడిప్పుడే చదువుతున్నాను. నరకమంటే మంటలే అనుకున్నా. తీరా అట్టడుగుకి వెళ్తే గడ్డకట్టిన సరస్సు! దీనికి మతపరంగా ఏదైనా అర్థముందా?

జవాబు: ఉంది, నన్నడిగితే ఆ కావ్యంలో అన్నిటికంటే లోతైన ఊహ అదే. డాంటే నరకం తొమ్మిది వలయాలుగా కిందికి దిగుతుంది. మంటలు లేకపోలేదు, మతద్రోహుల సమాధులు పైవలయాల్లో మండుతూనే ఉంటాయి. అయితే డాంటే దగ్గర చేసిన పాపమే శిక్షగా మారుతుంది. కోరిక ఎటు లాగితే అటు కొట్టుకుపోయిన ప్రేమికులు పావొలో, ఫ్రాంచెస్కా రెండో వలయంలో ఆగని సుడిగాలిలో తిరుగుతుంటారు, భవిష్యత్తు చెప్తామన్న జోస్యగాళ్లకి తలలు వెనక్కి తిరిగిపోయి ముందున్నది కనపడదు. మరి తొమ్మిదో వలయం నమ్మకద్రోహులది. నమ్మినవాళ్లని ముంచాలంటే మనసు ముందు చల్లబడి బిగుసుకుపోవాలి కదా, అందుకే మంచు. ఇంటికి పిలిచిన అతిథుల్ని చంపినవాళ్లకైతే కన్నీళ్లు కళ్లలోనే గడ్డకట్టి, ఏడవడానికి కూడా దారి ఉండదు. అక్కడికొచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూసి కాసేపు ఆగిపోతాను.

ఇక ఆ సరస్సు మధ్యలో మంచులో బిగుసుకుపోయి ఉండే సైతాను. అతని మూడు ముఖాలు క్రైస్తవుల త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకానికి) తలకిందులైన బొమ్మ. ఆరు రెక్కలు ఆపకుండా కొట్టుకుంటుంటే ఆ గాలికే సరస్సు గడ్డకడుతుంది, అంటే తనని బంధించిన మంచుని తనే తయారు చేసుకుంటున్నాడు! ఆ కాలపు లెక్కలో విశ్వానికి భూమే కేంద్రం, దేవుడుండేది అన్ని ఆకాశాలకీ పైన. నరకం అడుగంటే భూమి నడిబొడ్డే, కాబట్టి అక్కడున్న సైతానుకి ప్రేమ వెచ్చదనం అందనంత దూరం.

1302లో డాంటేని ఫ్లోరెన్స్ నుంచి వెళ్లగొట్టారు, 1321లో రావెన్నాలో పోయేదాకా మళ్లీ సొంత ఊరు చూడలేదు. ద్రోహాన్ని అన్నిటికంటే కింద పెట్టడంలో ఆ బాధ కూడా ఉందని నాకనిపిస్తుంది.

మీరు రెండో భాగానికి వచ్చాక 27వ సర్గ నిదానంగా చదవండి. పాపాలు కడుక్కునే ఆ కొండ మీద చివరి అంతస్తులో నిప్పు గోడ ఉంటుంది, డాంటే భయంతో కొయ్యబారిపోతాడు. డాంటే ప్రేమించిన బియాట్రిస్ ఆ గోడకి అవతల ఉంది. బియాట్రిస్‌కీ నీకూ మధ్య ఉన్నది ఈ గోడ ఒక్కటే అని, దారి చూపిస్తూ వెంట వచ్చిన ప్రాచీన రోమన్ కవి వర్జిల్ అనగానే లోపలికి అడుగేస్తాడు, ఆ వేడికి మరుగుతున్న గాజులో దూకినా చల్లగానే ఉండేదంటాడు. నరకం అడుగున మంచు, స్వర్గం అంచున నిప్పు. ఆ నిప్పులో ఉన్నవాళ్లకి ప్రేమ ఇంకా మిగిలే ఉంది, కాకపోతే దారి తప్పింది, మంట దాన్ని సరిచేస్తోంది.